పుట్టిన రోజు రాసిన బరువు పదిహేనేళ్లకు ఏం చెబుతుంది?



పాప ఎంత బరువుతో పుట్టిందని అడిగితే అమ్మ వెంటనే చెబుతుంది. ఎన్నో వారంలో పుట్టింది, కడుపుతో ఉన్నప్పుడు హిమోగ్లోబిన్, షుగర్ ఎంత ఉన్నాయి అంటే మాత్రం ఫైలు వెతకాలి. ఆ ఫైలు విలువ ఏమిటో హైదరాబాద్ పక్కనే జరిగిన ఒక అధ్యయనం చూపించింది.

1987–90 మధ్య తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ నగరానికి దగ్గరలోని 29 గ్రామాలను పరిశీలించింది. 15 గ్రామాల్లో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీ పథకం కింద మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టేవారు. మిగతా 14 గ్రామాలకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. రెండుచోట్లా పుట్టిన పిల్లల బరువు రాసిపెట్టారు.

2003–05లో పరిశోధకులు ఆ పిల్లల్లో 1,165 మందిని మళ్లీ పరీక్షించారు. అప్పటికి వారి వయసు 13–18 ఏళ్లు. ఉప్మా అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. వారిలో ఇన్సులిన్ బాగా పనిచేస్తోంది, రక్తనాళాల బిరుసు తక్కువగా ఉంది. షుగర్, గుండె జబ్బుల ముప్పు తగ్గుతుందనడానికి ఇవి మంచి సూచనలు. ఈ ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. గ్రామాలను లాటరీ వేసి ఎంచుకోలేదు కనుక, తేడా అంతా ఉప్మా వల్లేనని ఖాయంగా అనలేం. కానీ పాత రికార్డులు లేకపోతే అసలు పోల్చి చూడటమే కుదిరేది కాదు.

ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోనూ ఇదే జరిగింది. అక్కడ 1911 నుంచి రాసిన పుట్టుకల రిజిస్టర్ల ఆధారంగా, తక్కువ బరువుతో పుట్టిన మగవారిలో గుండె జబ్బు మరణాలు ఎక్కువని డేవిడ్ బార్కర్ బృందం 1989లో చూపింది.

మన ఇళ్లలో కాన్పు పుట్టింటి ఊళ్లో, టీకాలు మాదాపూర్‌లో జరుగుతుంటాయి. కాగితాలూ అలాగే చెదిరిపోతాయి. అందుకే ఈ వారాంతంలో:

• తల్లీబిడ్డల కార్డు, డిశ్చార్జి సమ్మరీ, స్కానింగ్ రిపోర్టులు, టీకాల కార్డు ఒకే ఫైలులో పెట్టండి. ఫోన్‌లో ఫొటోలు తీసి దాచండి.

• పుట్టినప్పటి బరువు, ఎన్నో వారంలో పుట్టారు, తల్లికి బీపీ లేదా షుగర్ ఉండేదా అన్నవి మొదటి పేజీలో రాయండి. పిల్లల డాక్టరుకు చూపండి.

• పరిశోధన కోసం ఎవరైనా ఈ వివరాలు అడిగితే సంతకానికి ముందు మూడు ప్రశ్నలు వేయండి: పేరు తొలగిస్తారా? ఎవరెవరు చూస్తారు? తర్వాత వద్దనుకుంటే తప్పుకోవచ్చా?

బిడ్డ తక్కువ బరువుతో పుట్టినా కంగారు పడొద్దు. అది తలరాత కాదు. తిండి, ఆట, నిద్ర విషయంలో ముందే జాగ్రత్తపడటానికి పనికొచ్చే ఒక సమాచారం, అంతే.