క్షేత్రంలో కొత్త మూలకాన్ని చేర్చుకోవాలంటే: విలువ, అవకలనం పెట్టే నిబంధనలు

కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం నాలుగూ సాగే చోటును బీజగణితంలో క్షేత్రం అంటారు. దానిమీద అవకలనం ఒకటి, విలువ ఒకటి కొలువుంటే, కొత్తగా ఏ మూలకం చేరాలన్నా ఇద్దరి అనుమతీ కావాలి.

ప్ర: ఆ ఇద్దరు ఎవరు?

వాస్తవ సంఖ్యలు గుణకాలుగా, ‘త’ చలరాశిగా రాసిన బహుపదుల భిన్నాలన్నీ కలిసి ఒక క్షేత్రం. అవకలనం ఇంటర్‌లో చదివినదే. లబ్ధం దగ్గర లైబ్నిజ్ నియమం పాటిస్తుంది. హారం పరిమాణంలోంచి లవం పరిమాణం తీసేస్తే వచ్చేది విలువ. ‘త’ అనంతం వైపు పోతోందనుకోండి: విలువ ధనాత్మకమైతే మూలకం సూక్ష్మం, రుణాత్మకమైతే అనంతం. పేరు చూసి తలకిందులుగా అర్థం చేసుకోనివారు తక్కువ. ఇక్కడ సూక్ష్మం అవకలజం మళ్లీ సూక్ష్మమే. ఈ షరతు పాటించేదాన్ని చిన్న అవకలనం అంటారు.

ప్ర: వర్గమూలాన్ని చేర్చి, దాని అవకలజాన్ని నా ఇష్టానికి పెట్టుకోవచ్చా?

వీల్లేదు. య² = త అయితే, రెండువైపులా అవకలనం చేస్తే 2య·య′ = 1. అంటే య′ = 1/(2య) అని సమీకరణమే తేల్చేసింది. లక్షణం సున్నా అయిన (అంటే 1ని ఎన్నిసార్లు కూడినా సున్నా రాని) క్షేత్రంలో చేరే ప్రతి బీజీయ మూలకానికీ ఇంతే. వాస్తవ సంఖ్యలతో కట్టిన మన క్షేత్రంలో చిన్న అవకలనం చిన్నదిగానే మిగులుతుంది కూడా. లక్షణం 2 అయితే, అంటే 1 + 1 = 0 అయితే, ఎడమవైపు సున్నా, కుడివైపు 1. ఇక చేరికే కుదరదు.

విలువ మాత్రం అంత కచ్చితంగా తేలదు. య² = 1 + 1/త తీసుకోండి. ‘య’ 1కి దగ్గర కావచ్చు, −1కీ కావచ్చు. మొదటి లెక్కలో య − 1 విలువ 1, రెండో లెక్కలో 0. రెండూ చెల్లుతాయి. బీజీయ మూలకాలకు విలువ ఒకే తీరులో విస్తరించే క్షేత్రాలను హెన్సెల్ గుణమున్నవి అంటారు; వాటిలో ఈ పేచీ రాదు.

ప్ర: ఏ బీజీయ సమీకరణానికీ లొంగని మూలకమైతే?

అవకలనం అడ్డు చెప్పదు. య′ = 0, య′ = 1/త, య′ = య, ఏదైనా రాసుకోండి. అడ్డు చెప్పేది విలువ. ‘య’ విలువ 1 అంటూనే య′ = త అని రాస్తే, సూక్ష్మానికి అనంతమైన అవకలజం పుట్టి చిన్న అవకలనం షరతు తప్పిపోతుంది. ఎంత విలువ ఇవ్వాలన్నదీ చూసుకోవాలి. య′ = 1/త అయ్యే సంవర్గమానం అనంతమే, కానీ ‘త’ వర్గమూలం, ఘనమూలం, వందో మూలం, దేన్నీ అందుకోలేదు. య′ = య అయ్యే ఘాతీయ ప్రమేయం ‘త’ ఘాతాలన్నిటినీ దాటిపోతుంది కనక దాని విలువకు పూర్ణసంఖ్యల్లో చోటు లేదు; జంట సంఖ్యలతో కొత్త కొలబద్ద వేసుకోవాలి.

ప్ర: విలువల జాబితా, శేష క్షేత్రం (సూక్ష్మ తేడాలు వదిలేస్తే పరిమిత మూలకాలు మిగిల్చే క్షేత్రం) మారకుండా ఎంత పెంచవచ్చు?

అవకలనం లేనప్పుడు, ఇక పెరగడానికి వీల్లేనంత దాకా పెంచవచ్చని క్రుల్ 1932లో చూపాడు. 1942లో కప్లాన్‌స్కీ అలా పెంచగా వచ్చే వ్యాప్తి ఎప్పుడు ఏకైకమో చెప్పాడు. అవకలనాన్ని కూడా వెంటబెట్టుకుని గోళీయ సంపూర్ణత దాకా, అంటే అలా ఇక పెరగలేని స్థితి దాకా, వెళ్లవచ్చని ఆషెన్‌బ్రెన్నర్, వాన్ డెన్ డ్రీస్, వాన్ డెర్ హూవెన్ 2018లో ప్రచురించారు.

ప్ర: నిబంధనలన్నీ పాటించాక కూడా రెండు దారులు మిగలవచ్చా?

మిగలవచ్చు. నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. వాస్తవ సంఖ్యలన్నిటినీ స్థిరాలుగా తీసుకోండి, అవకలజాలన్నీ సున్నా. అందులో య′ = 1 అయ్యే ‘య’ని చేర్చాలి. పెద్దాచిన్నా క్రమం కూడా ఉంది; స్థిరాలన్నిటినీ దాటినదాని అవకలజం ధనాత్మకం కావాలన్నది షరతు. ‘య’ స్థిరాలన్నిటినీ దాటే అనంతమైతే చిక్కు లేదు. మరి ‘య’ సున్నాకు ఎడమవైపున్న సూక్ష్మమైతే? −1/య స్థిరాలన్నిటినీ దాటుతుంది. దాని అవకలజం 1/య², ధనాత్మకమే. అదీ నెగ్గింది! చిన్న అవకలనం కావాలని పట్టుబడితే రెండోది పోతుంది, ఎందుకంటే సూక్ష్మం అవకలజం 1 అయింది. పట్టుబట్టకపోతే రెండూ ఉంటాయి, ఒకదాంట్లోంచి మరోదానికి దారి ఉండదు. ఇలాంటి క్రమం షరతు పాటించే హెచ్-క్షేత్రాలు అనేవాటిలో సమాకలనాలు, ఘాతీయాలు చేర్చుకుంటూ పోతే చివరకు దొరికే లూవిల్ సంవృతి ఒకటో రెండో తప్ప మూడోది ఉండదని ఆషెన్‌బ్రెన్నర్, వాన్ డెన్ డ్రీస్ 2002లో నిరూపించారు.