పులస చేప – జీవనయాత్ర

కొండకూ కడలికీ గల చుట్టరికం సామాన్యంగా మన కంటికి కనబడదు. పాడేరు ప్రాంతపు గిరిజన గ్రామాల మీదుగా ప్రవహించే మత్స్యగెడ్డ నీరు మాచ్‌ఖండ్ నదియై, డుడుమ జలపాతమై దూకి, దిగువన సీలేరు అనే పేరుతో శబరిలో కలుస్తుంది. శబరి కూనవరం వద్ద గోదావరిని చేరుతుంది. తూర్పు కనుమలపై ఆషాఢ శ్రావణాలలో కురిసిన వాన ఆ విధంగా పాపికొండల నడుమ నుండి బంగాళాఖాతానికి చేరుతుంది. ఆ ఎర్రనీటికి ఎదురేగి వచ్చే సముద్రపు అతిథియే పులస.

సముద్రంలో ఉన్నంతకాలం దీనిని ఇలస అనీ, విలస అనీ అంటారు. గోదావరిలో ప్రవేశించిన తరువాతనే ఇది పులస అవుతుంది. 1803లో పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నపు చేపలపై లండనులో ప్రకటించిన గ్రంథంలో దీనిని 'పలస' అనే స్థానిక నామంతోనే వర్ణించాడు. హామిల్టన్ 1822లో గంగానది మత్స్యాలను గూర్చిన గ్రంథంలో దీనికి 'ఇలిషా' అనే శాస్త్రీయ నామం పెట్టాడు. నేటి శాస్త్రనామం టెన్యువలోసా ఇలిషా.

వెండిరంగు పొలుసులు, నొక్కినట్లు పలుచనైన దేహం, కత్తి అంచు వంటి పొట్ట దీని లక్షణాలు. సుమారు రెండడుగుల వరకు పెరుగగలదు. ఆడచేప మగచేపకంటె పెద్దది. మొప్పలలోని దువ్వెన పళ్ల వంటి ముళ్లతో నీటిని వడగట్టి, అందులోని సూక్ష్మజీవులను ఆహారంగా గ్రహిస్తుంది.

ఉప్పునీటి నుండి మంచినీటికి రావడం సామాన్య విషయం కాదు. సముద్రంలో చేప దేహంలోని నీరు బయటకు పోతూ ఉంటుంది. అందుచేత అది ఉప్పునీరు త్రాగి, అధిక లవణాన్ని మొప్పల ద్వారా విసర్జిస్తుంది. నదిలో ఇందుకు విరుద్ధంగా నీరు దేహంలోనికి చొచ్చుకొని వస్తుంది. అప్పుడు అవే మొప్పలు నీటినుండి లవణాన్ని గ్రహించవలసి ఉంటుంది. అదనపు నీరు పలుచని మూత్రంగా పోతుంది. నదీముఖంలోని ఉప్పు, మంచినీళ్ల కలయిక ఈ మార్పునకు అవకాశమిస్తుంది.

ఈ శ్రమ అంతా సంతానం కోసమే. ఒక ఆడచేప పరిమాణాన్ని బట్టి లక్ష మొదలు ఇరవై లక్షల వరకు గుడ్లు పెట్టగలదు. సుమారు ఒక దినంలో అవి పొదుగబడతాయి. పిల్లలు కొన్ని నెలలు నదిలో పెరిగి సముద్రానికి పోతాయి. పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టి మరణిస్తుంది. పులస మాత్రం తిరిగి సముద్రానికి మరలగలదు.

అయితే దారి ఏది? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. అది డెల్టాకు అన్నం పెట్టింది. చేపకు మాత్రం అడ్డుగోడ అయింది. గంగపై 1975లో ఫరక్కా, సింధునదిపై 1955లో కోట్రి బ్యారేజీలు వచ్చిన తరువాత కూడ ఎగువ ప్రాంతాలలో ఈ చేప క్షీణించింది. పోలవరం స్పిల్‌వేలో చేపల నిచ్చెన ఏర్పాటు చేశారు. కాని దిగువ ఆనకట్టను దాటగలిగిన చేపకే కదా ఎగువ నిచ్చెనతో ప్రయోజనం!

మన నాలుక కూడ ఒక ఆనకట్టయే. "పుస్తెలమ్మి అయినా పులస తినాలి" అన్న సామెతకు మురిసిపోయే మనం, అత్యధికంగా వెలపెట్టి కొనేది నిండు గుడ్లతో ఉన్న తల్లిచేపనే. మన తీరంలో యాంత్రిక పడవల వేట నిషేధం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు. పులస యాత్ర ఆ గడువు తీరిన తరువాతనే ఆరంభమవుతుంది. బంగ్లాదేశ్‌లో గుడ్లు పెట్టే కాలాన్ని గుర్తించి, శరదృతువులో 22 దినాలు ఈ వేటను నిలుపుతున్నారు. మనకును అట్టి ఏర్పాటు అవసరం. ఆ దినాలలో జాలరి పొయ్యి ఆరకుండ చూడడం కూడ అందులో భాగమే.

సింధు ప్రాంతంలో ఈ చేపను 'పల్లా' అంటారు. హిందువులు ఝూలేలాల్ అనీ, ముస్లిములు జిందాపీర్ అనీ కొలిచే నదీదేవుని వాహనం ఇదే. పాడేరు సమీపాన మత్స్యగుండంలో గిరిజనులు చేపలను పవిత్రంగా భావించి పట్టరు. మతాలు వేరైనా, భాషలు వేరైనా, నీటిని నమ్మి బ్రతికినవారు నీటిలోని ప్రాణిని గౌరవించారు. విద్యార్థులు శాస్త్రంతోపాటు ఈ సంయమనాన్ని కూడ నేర్చుకొన్ననాడే రేపటి వరదకు పులస ఎదురేగి వస్తుంది.