గాయపడినవారి మధ్య గాయపరిచే నాలుక



మనసు కుంగినవారు తమ బాధను నమ్మకమైన నలుగురితో చెప్పుకుంటే భారం తగ్గుతుంది. 1935లో అమెరికాలో ప్రారంభమైన ఆల్కహాలిక్స్ అనానిమస్ కూడికలు తాగుడు మానదలచినవారికి ఈ విధంగానే సహాయపడుతున్నాయి. 1953లో లండన్‌లో చాద్ వారా అనే ఆంగ్లికన్ గురువు, చనిపోవాలనే ఆలోచనతో ఉన్నవారి మాట వినడానికి సమారిటన్స్ అనే సేవను ఆరంభించారు. నంద్యాలలోనైనా ఆళ్లగడ్డలోనైనా ప్రార్థన కూడికలో, స్త్రీల సహవాసంలో, ఆస్పత్రి వరండాలో, ఇప్పుడైతే ఫోనులో కూడా ఇలాంటి మాటలు జరుగుతూనే ఉంటాయి.

అయితే బాధపడేవారు చేరిన చోటికి బాధపెట్టేవారు కూడా వస్తారు. వారి విషయంలో ఎలా నడుచుకోవాలి అన్నదే ఈ పాఠం.

ఎలాంటివారు?

1. నిందించేవారు: "నీకు జబ్బు లేదు, బద్ధకం" అంటారు. "నువ్వు చేసిన పాపమే ఇది" అంటారు. ఏడ్చేవారిని చూసి నవ్వుతారు.

2. గుట్టు బయటపెట్టేవారు: కూడికలో విన్నది బజారులో చెబుతారు. మన ఊళ్లలో అందరూ అందరికీ తెలిసినవారే. "ఆ పిల్ల నంద్యాలలో పిచ్చి డాక్టరు కాడ మందులు మింగుతాందంట" అన్న ఒక్క మాట చాలు, కుదిరిన సంబంధం చెడిపోవడానికి. ఆ భయంతోనే చాలామంది చికిత్స మానుకుంటారు.

3. వేషధారులు: ఇతరుల జాలి కోసం లేని జబ్బును చెప్పుకునేవారు ఉన్నారు. 1951లో ఇంగ్లండు వైద్యుడు రిచర్డ్ ఆషర్ ఈ స్థితికి మున్‌షౌజన్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. రోగుల మధ్య పరస్పర సహాయం కోసం ఇంటర్నెట్‌లో ఏర్పడిన బృందాల్లోకి కూడా ఇలాంటివారు చేరుతున్నారని 2000లో అమెరికా మానసిక వైద్యుడు మార్క్ ఫెల్డ్‌మన్ వివరించారు.

4. తియ్యగా మాట్లాడి మోసం చేసేవారు: వీరు అందరికంటే ప్రమాదకరం. "మందులు ఆపెయ్ అక్కా, అలవాటైపోతాయి. నా దగ్గర వేరే మార్గం ఉంది, ఎవరికీ చెప్పొద్దు" అంటారు. తరువాత డబ్బు అడుగుతారు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో నర్సుగా పనిచేసిన ఒక పురుషుడు, తానూ కుంగిపోయిన ఒక యువతినని చెప్పుకుంటూ, నిరాశలో ఉన్నవారితో కంప్యూటర్ ద్వారా స్నేహం చేసి, వారిని చావువైపు ప్రోత్సహించాడు. 2005లో ఇంగ్లండులో ఒక యువకుడు, 2008లో కెనడాలో ఒక విద్యార్థిని ప్రాణం తీసుకున్నారు. చివరికి అతనికి జైలుశిక్ష పడింది. అతని మాటల్లో తిట్టు లేదు, జాలి ఉంది. కాబట్టి మాట తియ్యగా ఉన్నంత మాత్రాన మనిషిని నమ్మరాదు.

మాట వల్ల ప్రాణాపాయమా?

అవును. డిప్రెషన్ మందులు పనిచేయడానికి సాధారణంగా 2 నుండి 4 వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. నయమైనట్లు అనిపించిన తరువాత కూడా కనీసం 6 నెలలు వాడమని వైద్యులు చెబుతారు. ఆ మొదటి వారాల్లో "ఇవి నీకు పనిచేయవు" అని ఎవరైనా అంటే రోగి సులభంగా నమ్ముతాడు. మూర్ఛ మందును హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం పోవచ్చు. మందు తగ్గించాలన్నా, మార్చాలన్నా రాసిన డాక్టరే చెప్పాలి.

యోబు స్నేహితులు

యోబు గ్రంథంలో ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు యోబుతో కూడా నేలమీద మౌనంగా కూర్చున్నారు. అంతవరకు వారు మంచి ఆదరణకర్తలే. నోరు తెరిచిన తరువాతే చెడింది. శ్రమ వచ్చింది కాబట్టి పాపం చేసి ఉంటావని వాదించారు. చివరి అధ్యాయంలో దేవుడు కోపపడింది యోబు మీద కాదు, వారి మీద. జబ్బుపడినవారిని పాపి అనేముందు ఈ గ్రంథాన్ని తప్పక చదవండి.

కథను కాదు, ప్రవర్తనను చూడండి

"ఈ మనిషి చెప్పేది నిజమా, అబద్ధమా?" అని విచారణ మొదలుపెట్టవద్దు. నిజంగా కుంగినవారు కూడా ఒక రోజు ఒక విధంగా, మరో రోజు మరో విధంగా చెబుతారు. కుంగినప్పుడు జ్ఞాపకం సరిగా ఉండదు. నిజమైన రోగిని అబద్ధికుడన్నామంటే ఆ మనిషి మళ్లీ నోరు తెరవడు. పైగా కటువుగా మాట్లాడేవారిలో కొందరు తామే జబ్బుతో ఉండవచ్చు. వారికీ వైద్యం అవసరం.

అందుచేత కథ సంగతి డాక్టరుకు వదలండి. తిట్టడం, గుట్టు చెప్పడం, మందులు ఆపమనడం, డబ్బు అడగడం, రహస్యంగా ఉంచమనడం - ఈ ఐదింటిని మాత్రం ఎవరు చేసినా ఒప్పుకోవద్దు. కూడిక ఆరంభంలోనే ఈ నియమాలు అందరికీ చదివి వినిపించండి.

నియమం తప్పినవారితో

మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు చూపిన క్రమం ఇక్కడ చక్కగా సరిపోతుంది.

మొదట, కూడిక నడిపేవారు ఆ వ్యక్తితో ఒంటరిగా, మర్యాదగా మాట్లాడాలి. "అన్నా, ఆ మాట ఆమెను గాయపరిచింది. ఇక అనొద్దు" అంటే చాలు. అందరి ముందు వాదిస్తే అతడు కోరుకున్న గుర్తింపు అతనికి దొరుకుతుంది, గాయపడినవారు మాత్రం మరచిపోబడతారు.

రెండవది, మారకపోతే ఇద్దరు ముగ్గురు పెద్దలతో వెళ్లి చెప్పాలి.

మూడవది, అప్పటికీ వినకపోతే కూడికకు రావద్దని చెప్పాలి. ఇది ప్రేమ లేకపోవడం కాదు. మందలోని గాయపడిన గొర్రెను కాపాడడం కాపరి మొదటి బాధ్యత. యోబు తన స్నేహితుల కోసం ప్రార్థించినట్లు మనమూ ఆ వ్యక్తి కోసం ప్రార్థిద్దాం. కాని ప్రార్థిస్తున్నాం కదా అని తలుపు తెరిచి ఉంచనక్కరలేదు.

బెదిరింపు, డబ్బు మోసం, స్త్రీలను వేధించడం, చనిపొమ్మని ప్రోత్సహించడం జరిగితే ఈ మెట్ల కోసం ఆగవద్దు. వెంటనే పోలీసులకు చెప్పండి.

గాయపడింది మీరైతే

జవాబు చెప్పి గెలవాలని చూడకండి. ఫోనులో వచ్చిన సందేశమైతే చెరిపేయకుండా ఉంచి, ఆ నంబరును బ్లాక్ చేయండి. ఆ రోజే ఇంట్లో ఒకరికి, లేదా పాస్టరుగారికి, లేదా నర్సమ్మకు చెప్పండి. మందు ఒక్కపూట కూడా మానకండి. ఎవరో అన్న మాట వల్ల మీ జబ్బు మీ తప్పైపోదు.

టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఈ సేవను ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించింది. ఫోను ద్వారా డబ్బు పోతే 1930కి, ప్రాణాపాయమైతే 112కి ఫోను చేయండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచమని కోరే హక్కు మీకుంది.

కుటుంబంలో చర్చించండి

1. మన ఇంట్లో ఎవరి జబ్బు గురించైనా వారి అనుమతి లేకుండా బయట చెబుతున్నామా?
2. యోబు స్నేహితుల మౌనం మేలు చేసింది, మాటలు కీడు చేశాయి. ఎందుకు?
3. మన కూడికలో ఎవరైనా గాయపడితే ఎవరికి చెప్పాలో అందరికీ తెలుసా?

వినే చెవిని, అదుపులో ఉండే నాలుకను ప్రభువు మనందరికీ దయచేయును గాక.