కొయ్యబారిన మనిషికి విద్యుత్ చికిత్స

నిన్నటివరకు పొలము పనులు చేసుకొనుచుండిన మనిషి ఉన్నట్లుండి మాట మానివేయును. పిలిచిన పలుకడు. అన్నము ముద్ద నోటికందించినను మ్రింగడు. అతని చేయి పైకెత్తి విడిచినచో అది అట్లే గాలిలో నిలిచిపోవును. ఇంటిలోనివారు తొలుత అలిగినాడనుకొందురు. పిదప గాలి సోకినదని భూతవైద్యుని పిలిపింతురు. ఇంతలో రెండు మూడు దినములు గడచిపోవును. ఈ జబ్బులో ఆ దినములే విలువైనవి.

వైద్యులు ఈ స్థితిని కాటటోనియా అందురు. 1874లో జర్మను వైద్యుడు కార్ల్ కాల్బౌమ్ దీనిని ప్రత్యేకముగా వర్ణించి ఈ పేరు పెట్టెను. తీవ్రమైన మనోవ్యాధి, మెదడువాపు, కొన్ని జ్వరములు, మందులు వికటించుట - వీనిలో ఏదైనను దీనికి కారణము కావచ్చును. మనిషి కదలకున్నంత మాత్రమున తెలివి తప్పినవాడని తలచరాదు. చుట్టును జరిగినదంతయు తమకు వినబడుచునే యుండెననియు, అంతులేని భయముతో బిగుసుకుపోతిమనియు కోలుకొనిన పిమ్మట పలువురు చెప్పియున్నారు. అట్టివాని ఎదుట “నటించుచున్నాడు” అని దెప్పుట, వాతలు పెట్టుట ఎంతటి హింసయో చదువరులే ఊహింపగలరు.

నీరు లేక దేహము ఎండిపోవును. కదలిక లేనందున కాలి నరములలో నెత్తురు గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరవచ్చును. జ్వరము తోడైనచో ప్రాణాపాయమే. పాలుగాని గంజిగాని బలవంతముగా నోట పోయరాదు. అవి ఊపిరితిత్తులలోనికి దిగును.

ఆసుపత్రిలో సాధారణముగా మొదట లోరజిపామ్ అను మందును సూది ద్వారా ఇత్తురు. చాలమంది గంటలలోనో, ఒకటి రెండు దినములలోనో మాటలాడుదురు. అందుకు లొంగనివారికి విద్యుత్ చికిత్స చేయుదురు. “కరెంటు పెట్టుట” అనగానే మనవారు జంకుదురు. సినిమాలలో దీనిని శిక్షవలె చూపుటయే ఇందుకు చాలవరకు కారణమని మా అభిప్రాయము.

ఈ చికిత్స పుట్టుకకే ఈ జబ్బుతో సంబంధమున్నది. 1934లో హంగరీ వైద్యుడు లాడిస్లాస్ మెడునా కర్పూరము కలిపిన నూనెను సూదితో ఎక్కించి రోగికి మూర్ఛ తెప్పించెను. ఆయన ఎన్నుకొనిన మొదటి రోగి ఏండ్ల తరబడి కొయ్యబారియున్నవాడే. 1938లో రోము నగరమున ఉగో చెర్లెట్టి, లూచియో బినీ అనువారు కర్పూరమునకు బదులు విద్యుత్తును వాడిరి.

ఆనాటి పద్ధతి నేడు లేదు. రోగికి మత్తు ఇచ్చి, కండరములు సడలు మందు ఎక్కించి, కొద్ది సెకండ్లు మాత్రమే కరెంటు ప్రసరింపజేయుదురు. మెదడులో కలుగు మూర్ఛ సాధారణముగా ఒకటి రెండు నిమిషములలో ముగియును. వారమునకు రెండు మూడు పర్యాయములు, మొత్తము 6 నుండి 12 వరకు చేయుట వాడుక. మత్తు లేకుండ ఈ చికిత్స చేయుటను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము నిషేధించినది. తలనొప్పి, కొన్నాళ్ల మతిమరపు కలుగును. కొందరికి కొన్ని జ్ఞాపకములు తిరిగి రాకపోవచ్చును. అయినను పరిశోధనలలో నూటికి 80 మందికి, అంతకు మించియు, గుణము కనిపించినది.

ఇటీవల మత్తుతో పనిలేని పద్ధతులు రెండు వచ్చినవి. ఒకటి అయస్కాంత చికిత్స. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డున ఆంథొనీ బార్కర్ బృందము దీని పరికరమును చూపినది. తీగచుట్టను తలకు ఆనించి అయస్కాంత స్పందనలు పంపుదురు. రోగి మెలకువగానే యుండును. రెండవది ఇంకను సులువు: ఉప్పునీట తడిపిన స్పాంజి పలకలు రెండు తలపై కట్టి, 1 లేక 2 మిల్లీఆంపియర్ల కరెంటును సుమారు 20 నిమిషములు పంపుదురు. చేతిలైటు బల్బుకు కావలసిన కరెంటుతో పోల్చిన ఇది బహు స్వల్పము.

వీని విషయమున ఒక సంగతి దాచరాదు. కాటటోనియాలో వీనిని కొలదిమంది రోగులపైననే ప్రయోగించి చూచినారు. కొందరికి మేలు కలిగినదనుట నిజమే గాని, పెద్ద పరీక్షలు జరుగలేదు. విద్యుత్ చికిత్సకు తగని రోగికి, అది దొరకని చోట, వైద్యులు వీనిని యోచింతురు. జ్వరముతో కొయ్యబారిన మనిషిని ప్రకటనలు చూచి ఇట్టి యంత్రముల కొరకు ఊరూర త్రిప్పుట ప్రాణముతో చెలగాటము.

అట్టివానిని 108 బండిలో వెంటనే జిల్లా ఆసుపత్రికి చేర్చవలెను. విశాఖపట్టణమునందును, హైదరాబాదు ఎర్రగడ్డయందును ప్రభుత్వ మానసిక వైద్యశాలలు కలవు. 14416 నంబరుకు ఫోను చేసి ఉచితముగా సలహా పొందవచ్చును. వెళ్లునపుడు రోగి వాడిన మందుల చీటీలన్నియు తీసికొనిపోవలెను. ఏలయన మతిభ్రమణమునకు ఇచ్చు కొన్ని మందులు ఈ స్థితిని మరింత విషమింపజేయును. ఎన్నడు తుదిసారి తిన్నాడో, ఎన్నడు మూత్రము విడిచినాడో కూడ వైద్యునికి చెప్పవలెను.