హార్డ్ డిస్క్ ఊడదీసే ముందు – విద్యార్థులకు కొన్ని సూచనలు



కొంతకాలం క్రితం స్కాలర్‌షిప్ దరఖాస్తులతో వచ్చిన సర్టిఫికెట్లను స్కాన్ చేసి, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో భద్రపరిచే పని నేను చేశాను. సాయంత్రం బస్సుకు వేళయిందన్న తొందరలో కేబుల్ పట్టుకుని లాగేశాను. మరునాడు డిస్క్ తెరుచుకోలేదు. ఫార్మాట్ చేయాలి అని కంప్యూటరు చూపింది. వేరే నకలు లేదు. 14 మంది పిల్లలు ఒరిజినల్స్ తీసుకుని మళ్ళీ పళ్ళికొండకు రావలసివచ్చింది. గుడియాత్తం నుండి కొడుకును వెంటబెట్టుకుని వచ్చిన ఒక తండ్రికి ఆ రోజు కూలి పోయింది. తప్పు డిస్క్‌ది కాదు, నాది. మీరు ఆ తప్పు చేయకూడదనే ఈ పాఠం.

హాట్ స్వాపింగ్ అంటే ఏమిటి?

కంప్యూటరును ఆపకుండానే ఒక పరికరాన్ని తగిలించడం, తీయడం. ఈ సౌకర్యాన్ని ఇంటింటికీ తెచ్చింది 1996లో వచ్చిన యూఎస్‌బీ. దానిని రూపొందించిన ఇంటెల్ ఇంజనీర్లలో ముఖ్యులు వడోదరలో చదివిన అజయ్ భట్ గారు. మొదట్లో ఇది నిపుణులను కూడా ఇబ్బంది పెట్టింది. 1998 ఏప్రిల్‌లో షికాగోలో బిల్ గేట్స్ సమక్షంలో విండోస్ 98ను ప్రదర్శిస్తుండగా, స్కానర్ తగిలించగానే తెర నీలంగా మారి కంప్యూటరు నిలిచిపోయింది.

లాగేస్తే నష్టం ఎందుకు?

బ్యాంకు కౌంటరులో వోచరు తీసుకున్నంత మాత్రాన లెడ్జరులో పద్దు పడినట్టు కాదు. కొన్ని వోచర్లు చేరాక క్లర్కు వాటిని వరుసగా పోస్టు చేస్తాడు. ఈలోగా లెడ్జరును ఎవరైనా ఎత్తుకుపోతే లెక్క తప్పుతుంది. కంప్యూటరు కూడా వేగం కోసం సమాచారాన్ని కొంతసేపు తన మెమరీలో ఉంచుకుని తరువాత డిస్క్‌పై రాస్తుంది. దీనిని రైట్ క్యాషింగ్ అంటారు. 2018లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1809 నుండి బయటి డిస్క్‌లకు ఈ ఆలస్యం లేని "క్విక్ రిమూవల్" పద్ధతినే ముందుగా అమర్చి ఇస్తున్నారు. అయినా ఫైలు సగం రాస్తుండగా లాగితే ఏ పద్ధతీ కాపాడలేదు.

తీసే పద్ధతి

1. కాపీ పూర్తయ్యాక, డిస్క్‌లోని ఫైళ్ళన్నీ మూసివేయండి.
2. గడియారం పక్కనున్న "సేఫ్లీ రిమూవ్ హార్డ్‌వేర్" గుర్తు నొక్కి, మీ డిస్క్‌ను ఎంచుకోండి.
3. తీయవచ్చు అన్న సందేశం వచ్చాక కొన్ని క్షణాలు ఆగండి. లోపలి పళ్ళెం తిరగడం ఆగిన తరువాతే కేబుల్ తీయండి.

"డిస్క్ వాడుకలో ఉంది" అని వస్తే

తెరిచిపెట్టిన వర్డ్ ఫైలో, ఫోటోనో, యాంటీవైరస్ తనిఖీయో కారణం కావచ్చు. అన్నీ మూసి రెండు నిమిషాలు ఆగి మళ్ళీ ప్రయత్నించండి. ఏ ప్రోగ్రామ్ అడ్డుపడుతోందో తెలియకపోతే, ఈవెంట్ వ్యూయర్‌లో "సిస్టమ్" లాగ్ తెరిచి 225 నంబరు పద్దు కోసం చూడండి. సాధారణంగా దానిలో ఆ ప్రోగ్రామ్ పేరు ఉంటుంది. అప్పటికీ వదలకపోతే షిఫ్ట్ కీ నొక్కిపట్టి షట్ డౌన్ చేయండి. కంప్యూటరు పూర్తిగా ఆగిపోయాక డిస్క్ తీయండి.

తగిలించినా కనబడకపోతే

చాలాసార్లు కారణం కరెంటు చాలకపోవడమే. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు 900 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది. హబ్ తీసేసి నేరుగా లాప్‌టాప్‌కే తగిలించండి. మరో పోర్టు, మరో పొట్టి కేబుల్ మార్చి చూడండి. లాప్‌టాప్‌ను చార్జింగ్‌లో పెట్టండి. పెద్ద సైజు డిస్క్ అయితే దాని అడాప్టర్ కూడా చూడండి.

తరువాత స్టార్ట్ బటన్‌పై రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. డిస్క్ అక్కడ ఉండి, ఈ, ఎఫ్ వంటి అక్షరం మాత్రం లేకపోతే, దానిపై రైట్ క్లిక్ చేసి అక్షరం ఇస్తే చాలు.

ముఖ్య హెచ్చరిక

"ఫార్మాట్", "ఇనిషియలైజ్" అని అడిగితే సరేనని నొక్కవద్దు. ముందు వేరే కంప్యూటరులో తగిలించి చూడండి. తెరుచుకుంటే ఫైళ్ళను మరోచోటికి కాపీ చేసుకున్నాకే మరమ్మతు సంగతి. డిస్క్ టక్ టక్ అని శబ్దం చేస్తుంటే వెంటనే తీసివేసి, తెలిసినవారికి చూపించండి. మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తే మిగిలినది కూడా పోవచ్చు. లాప్‌టాప్ లోపల బిగించిన డిస్క్‌ను మాత్రం కంప్యూటరు నడుస్తుండగా ఎప్పుడూ తీయకూడదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. టీసీ, మార్కుల జాబితా, కులం, ఆదాయ సర్టిఫికెట్లు ఒక్క డిస్క్‌లోనే ఉంటే అవి భద్రంగా ఉన్నట్టు కాదు. ఈ ఆదివారం పిల్లలతో కూర్చుని మరో పెన్‌డ్రైవ్‌లో రెండో నకలు తీయించి, బీరువాలో ఒరిజినల్స్ పక్కన కాకుండా వేరేచోట ఉంచండి. నేను అంత పని చేసి ఉంటే ఆ తండ్రికి ఒక రోజు కూలి మిగిలేది.