టాలమీ సేనాని - అరికమేడు రేవు

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఈజిప్టులో టాలమీ రాజ్యం ఎలా ఏర్పడిందో చెప్పగలుగుతారు. ఆ రాజ్యానికీ పుదుచ్చేరి దగ్గరి అరికమేడుకూ ఉన్న సంబంధం ఎంతవరకో వివరించగలుగుతారు.

పుదుచ్చేరి పట్టణానికి దక్షిణంగా సుమారు 4 కిలోమీటర్ల దూరంలో, అరియాంకుప్పం ఏటి ఒడ్డున అరికమేడు ఉంది. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వకాలు జరిపించాడు. ఇటలీలో తయారైన ఎర్రని మట్టిపాత్రల ముక్కలు, ద్రాక్షసారా పోసి తెచ్చిన రెండు చెవుల జాడీల ముక్కలు దొరికాయి. టాలమీ రాసిన భూగోళ గ్రంథంలో కనిపించే ‘పొదుకే’ అనే రేవు ఇదేనని చాలామంది పండితుల అభిప్రాయం.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఏ టాలమీ? జవాబులు రాసేటప్పుడు అభ్యాసకులు తడబడేది ఇక్కడే.

మొదటి టాలమీ రచయితగా కాదు, సేనానిగా ప్రసిద్ధుడు. మాసిడోనియా దేశస్థుడు, లాగస్ కుమారుడు. అలెగ్జాండర్‌కు చిన్ననాటి స్నేహితుడు, అంగరక్షకుల్లో ఒకడు. ఆయన వెంట పంజాబు వరకు వచ్చాడు. క్రీ.పూ. 323లో అలెగ్జాండర్ బాబిలోనులో మరణించగానే సేనానులు రాజ్యభాగాలు పంచుకున్నారు. టాలమీ ఈజిప్టును కోరుకున్నాడు. నైలు నది పండించే ధాన్యం, చుట్టూ ఎడారి, సముద్రం: కాపాడుకోవడానికి అంతకంటె అనువైన భాగం లేదు. మాసిడోనియాకు తీసుకుపోతున్న అలెగ్జాండర్ పార్థివ దేహాన్ని దారిలోనే ఈజిప్టుకు మళ్లించాడు. వారసుణ్ణని చాటుకోవడానికి ఇంతకన్న తెలివైన పని మరొకటి ఉండదు! క్రీ.పూ. 305 ప్రాంతంలో రాజుననిపించుకున్నాడు. అలెగ్జాండ్రియా ఆయన రాజధాని. ఆయన వంశం సుమారు మూడు వందల సంవత్సరాలు పాలించింది.

మరి అరికమేడు సంగతి? దారి ఏనుగులతో మొదలవుతుంది. టాలమీకి పోటీదారైన సెల్యూకస్ చంద్రగుప్త మౌర్యునితో సంధి చేసుకుని 500 ఏనుగులు పొందాడు. భారతదేశపు ఏనుగులు ఈజిప్టుకు రావాలంటే సెల్యూకస్ వంశీయుల భూభాగం దాటాలి. అందుచేత టాలమీ కుమారుడు, రెండవ టాలమీ, ఆఫ్రికా ఏనుగులను ఓడల్లో తెప్పించుకోవడానికి ఎర్రసముద్రం ఒడ్డున రేవులు కట్టించాడు. వాటిలో ఒకదానికి తల్లి పేరు పెట్టాడు: బెరెనికే. ఏనుగుల కోసం కట్టిన రేవులే తరువాత మిరియాలకు పనికివచ్చాయి. క్రీ.పూ. 2వ శతాబ్దం చివరికి ఈజిప్టు నావికులు రుతుపవనాల సాయంతో నేరుగా మన పడమటి తీరానికి రావడం నేర్చుకున్నారు. క్రీ.పూ. 30లో క్లియోపాత్రాతో టాలమీ వంశం అంతరించి ఈజిప్టు రోము వశమైంది. వర్తకం విపరీతంగా పెరిగింది ఆ తరువాతనే. బెరెనికే తవ్వకాల్లో ఒక భారతీయ జాడీలో 7 కిలోలకు పైగా మిరియాలు దొరికాయి.

కాబట్టి అరికమేడులో దొరికిన జాడీలను చూసి “టాలమీ రాజుల కాలపు రేవు” అని రాస్తే తప్పు. ఇటలీ పాత్రలు రోము కాలానివి. టాలమీలు వేసిన దారిలో, వారు పోయిన తరువాత వచ్చిన సరుకు అది.

‘పొదుకే’ పేరు రాసిన క్లాడియస్ టాలమీ క్రీ.శ. 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో నివసించిన ఖగోళ, భూగోళ శాస్త్రజ్ఞుడు. సేనానికీ ఇతనికీ నాలుగు వందల ఏళ్లకు పైగా ఎడముంది. మీరు పొరబడితే సిగ్గుపడనవసరం లేదు: రాఫెల్ అంతటి చిత్రకారుడు కూడా ఈ శాస్త్రజ్ఞుడి తలమీద కిరీటం పెట్టి చిత్రించాడు. తెలుగు తీరం గురించి కూడా ఇతడు రాశాడు. కృష్ణా ముఖద్వార ప్రాంతాన్ని ‘మైసోలియా’ అన్నాడు. ఇతడు చెప్పిన ‘కొంటకొస్సిల’ కృష్ణా జిల్లా ఘంటసాల అని పండితులు గుర్తించారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఈజిప్టునే టాలమీ ఎందుకు కోరుకున్నాడు?

2. “అలెగ్జాండర్ సేనాని టాలమీ తన గ్రంథంలో పుదుచ్చేరి రేవును వర్ణించాడు.” ఈ వాక్యంలో తప్పును సరిదిద్ది, రెండు కాలాలనూ పేర్కొనండి.

3. పటంలో బెరెనికే, అరికమేడు, ఘంటసాల గుర్తించండి. బెరెనికే నుంచి బయలుదేరిన ఓడ ఏ సముద్రాలు దాటాలో పెన్సిలుతో గీయండి.