గ్లాసు బొమ్మ

కొందరు పిల్లలు పిలిస్తే పలకరు. కళ్లలోకి చూడరు. కుక్కరు కూత పెడితే చెవులు మూసుకుని ఏడుస్తారు. "తల్లి పెంపకం బాగా లేదు" అంటారు ఇరుగుపొరుగు. అది నిజం కాదు. దీని పేరు ఆటిజం. మెదడు ఎదిగే తీరులోనే తేడా ఉంటుంది. తాయెత్తు కడితే పోదు.

ఈ పిల్లలకు చదువు చెప్పే తీరు వేరు. మాట రాని పిల్లవాడికి గ్లాసు బొమ్మ ఉన్న అట్టముక్క ఇస్తారు. అది టీచరు చేతిలో పెట్టాడా, వెంటనే నీళ్లు. రోజూ ఇంతే. కొన్నాళ్లకు దాహమైతే వాడే అట్ట వెతుక్కుని తెస్తాడు. అడగడం వస్తే ఏడుపు తగ్గుతుంది. గోడకు వరుసగా బొమ్మలు అంటిస్తారు: పలక, అన్నం, ఆట, ఇల్లు. తర్వాత ఏమిటో తెలిస్తే బెదరరు.

పెద్ద పిల్లలకు డబ్బు లెక్క, బస్సు ఎక్కడం నేర్పుతారు. ఎదిగిన ఆడపిల్లకు నెలసరి శుభ్రత కూడా నేర్పాలి. తల్లికి అసలు బెంగ అదే కదా!

బడిలో చేర్చుకోమంటే? 2016 చట్టంలో ఆటిజం ఉంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా చదువు ఉచితం. ఊరి బడైనా, ప్రత్యేక బడైనా కోరుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. ఎక్కడుందో మండల విద్యాధికారి ఆఫీసులో అడగండి.